కాలు బ్రేక్ మీద లేదు, కారు మాత్రం ఆగింది

ప్రశ్న: నేను సూర్యాపేటలో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ని. పదేళ్లుగా కారు నడుపుతున్నాను. నిరుడు దసరాకి అడాస్ (అవసరమైతే తనే బ్రేక్ వేస్తూ, లేన్ తప్పకుండా చూస్తూ డ్రైవర్‌కి సాయపడే ఏర్పాటు) ఉన్న ఎస్‌యూవీ తీసుకున్నాం. మొన్న ఆదివారం సాయంత్రం ఐదింటికి విజయవాడ నుంచి అమ్మని తీసుకుని ఇంటికి వస్తున్నాను. చిల్లకల్లు టోల్‌గేట్ దాటాక క్రూజ్ (యాక్సిలరేటర్ తొక్కకుండానే కారు అదే స్పీడ్‌లో వెళ్లే సౌకర్యం) 90లో పెట్టాను. ముందు చాలా దూరం దాకా ఒక్క బండి లేదు. రోడ్డుకి అడ్డంగా పైన ఊళ్ల పేర్లు రాసి ఉండే పెద్ద బోర్డు దగ్గరికి వస్తుండగా బీప్ మోగింది, మీటర్‌లో ఎర్రగా కారు బొమ్మ మెరిసింది, ఆ వెంటనే ఎవరో వెనక నుంచి జడ పట్టుకుని లాగినట్టు కారు ఆగబోయింది. అమ్మ ఒళ్లో ఉన్న టిఫిన్ డబ్బా ముందు సీటుకి కొట్టుకుంది. వెనక లారీ హారన్ కొడుతూ పక్కకి కోసుకుని వెళ్లిపోయాడు, లేకపోతే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. సర్వీస్ సెంటర్‌లో చూసి ‘ఎర్రర్ కోడ్ ఏమీ లేదు మేడం, మీ కాలే బ్రేక్ మీద పడి ఉంటుంది’ అన్నారు. మావారు అన్నీ ఆఫ్ చేసి పడెయ్ అంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు అక్కడ కూడా ఇలాంటివి చాలా అయ్యాయంటున్నాడు. తప్పు నాదా, కారుదా? ఇప్పుడు ఏం చెయ్యాలి? పేరు వెయ్యొద్దు.

సమాధానం:

లెక్చరర్ గారూ,

బ్రేక్ మీరు తొక్కలేదు. దానికి రుజువు మీ ఉత్తరంలోనే ఉంది. ముందు బీప్, ఆ తర్వాత ఎర్ర బొమ్మ, ఆ తర్వాత కుదుపు అని వరుసగా రాశారు. కాలితో బ్రేక్ తొక్కినప్పుడు కారు ముందుగా బీప్ కొట్టదు. ‘బీప్‌కి ఉలిక్కిపడి మీరే తొక్కి ఉంటారు’ అని వాదిస్తారేమో. సరే, అలాగే అనుకుందాం. ఖాళీ రోడ్డు మీద ఆ బీప్ ఎందుకు మోగిందో అప్పుడైనా వాళ్లే చెప్పాలి కదా! ఇదే మాట ఒక మగవాడు వెళ్లి చెప్తే ‘మీ కాలే’ అనేవాళ్లా అని నాకో అనుమానం. అది పక్కన పెడదాం.

ఎర్రర్ కోడ్ లేదన్న మాట మాత్రం అబద్ధం కాకపోవచ్చు. చీకట్లో తాడుని చూసి పాము అనుకుని గెంతామనుకోండి. మర్నాడు కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన పరీక్ష చేసి కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయనే అంటాడు. నిజంగానే కంట్లో లోపం లేదు. సెన్సర్ చచ్చిపోతే, వైరు తెగితే, కెమెరా వంకరైతే కోడ్ పడుతుంది. చూసిన దాన్ని ఇంకోటి అనుకుంటే పడదు. కారు లెక్క ప్రకారం అది ప్రమాదాన్ని చూసింది, బ్రేక్ వేసింది, తన పని తాను చేసింది. అందుకే లాప్‌టాప్ తగిలించి ‘అంతా నార్మల్’ అంటారు. అంతా నార్మల్‌గా ఉండగానే ఇలా జరుగుతుంది. అసలు చిక్కు అదే.

ఏం చూసి ఏమనుకుందో ఇక్కడ కూర్చుని తేల్చలేను గానీ, నాకు ఇద్దరి మీద అనుమానం. ఒకటి పైన ఉన్న బోర్డు, రెండు ఎదురెండ. ఆ టైమ్‌కి విజయవాడ నుంచి సూర్యాపేట వైపు వస్తుంటే పొద్దు మొహం మీదే ఉంటుంది. మీరు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు, సన్‌షేడ్ దింపుకుంటారు. లోపలి అద్దం వెనక విండ్‌షీల్డ్‌కి అతుక్కుని ఉండే ఆ చిన్న కెమెరాకి ఆ సౌకర్యం లేదు. ఎండ నేరుగా పడితే దానికి కొంత తెల్లగా, కొంత నల్లగా కనిపిస్తుంది. బోర్డు నీడ రోడ్డు మీద నల్లటి పట్టీలా పడుతుంది.

ఇక రాడార్ సంగతి. కెమెరాకి తోడుగా చాలా కార్లలో ముందు భాగంలో ఉండి, తరంగాలు పంపి, తగిలి తిరిగొచ్చేవాటిని బట్టి అడ్డాల్ని పసిగట్టేది ఇదే. ఫిజిక్స్ లెక్చరర్‌కి డాప్లర్ (దగ్గరికొచ్చే వస్తువు నుంచి తిరిగొచ్చే తరంగం మారే తీరు) గురించి చెప్పడం తాతకి దగ్గులు నేర్పడమే అవుతుంది, అయినా మిగతా పాఠకుల కోసం చెప్తాను. మీరు 90లో వెళ్తున్నారంటే సెకనుకి 25 మీటర్లు. రోడ్డు పక్క రాయి, డివైడర్ రెయిలింగ్, పైన బోర్డు, ఫ్లైఓవర్, ఆగి ఉన్న లారీ, ఇవన్నీ రాడార్‌కి సెకనుకి 25 మీటర్ల చొప్పున మీ మీదికి వస్తున్నట్టే కనిపిస్తాయి. ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా వస్తోంది అనేది రాడార్ బాగా చెప్తుంది. కుడా ఎడమా అనేది ఫర్వాలేదు. ఎంత ఎత్తులో ఉందో చెప్పడంలో మాత్రం చాలా కార్లలో ఉండే రాడార్ బలహీనం. అంటే పైన వేలాడే ఇనుప బోర్డు, రోడ్డు మీద అడ్డంగా నిలబడ్డ ఇనుప లారీ దానికి ఒకేలా అనిపించే అవకాశం ఉంది. కదలని ప్రతి వస్తువుకీ బ్రేక్ వేస్తే కారు ఊరు దాటదు. అందుకని ఇంజనీర్లు ‘కదలని వాటిని మరీ పట్టించుకోకు, కెమెరా కూడా అవునంటేనే నమ్ము’ అని దానికి నేర్పారు. మీ విషయంలో రాడార్ బోర్డుని చూసి ఉండొచ్చు, ఎదురెండలో కెమెరా నీడని చూసి అవునని ఉండొచ్చు.

మీ తమ్ముడు చెప్పింది నిజం. అమెరికాలో దీనికి ‘ఫాంటమ్ బ్రేకింగ్’ అని పేరు కూడా పెట్టారు, దెయ్యం బ్రేక్ అన్నమాట. 2022 ఫిబ్రవరిలో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ టెస్లా మోడల్ 3, మోడల్ వై కార్ల మీద విచారణ మొదలుపెట్టింది. తొమ్మిది నెలల్లో 354 ఫిర్యాదులు, విచారణ కిందికి వచ్చిన కార్లు సుమారు 4,16,000. అంతకుముందు 2021 మేలో ఆ కార్లకి కంపెనీ రాడార్ తీసేసి కెమెరాలే సరిపోతాయంది. అందువల్లే ఇదంతా అన్నవాళ్లు ఉన్నారు. అదొక్కటే కారణమైతే రాడార్, కెమెరా రెండూ ఉన్న కార్లలో రాకూడదు. కానీ 2022 ఫిబ్రవరిలోనే ఆ రెండూ ఉన్న హోండా సీఆర్-వీ, అకార్డ్ కార్ల మీద కూడా విచారణ మొదలైంది, 278 ఫిర్యాదులు, సుమారు 17 లక్షల కార్లు. 2024లో ఆ విచారణ దాదాపు 30 లక్షల కార్లకి పాకింది. కాబట్టి ఇది ఒక కంపెనీ జబ్బు కాదు.

ఇంకొకటి మీకు పనికొచ్చేది చెప్తాను. 2021 అక్టోబర్‌లో టెస్లా 11,704 కార్లని రీకాల్ చేసింది, అంటే లోపం సరిచెయ్యడానికి వెనక్కి పిలిచింది. ఎందుకంటే అంతకుముందు కొత్త సాఫ్ట్‌వేర్ పంపగానే ఆ కార్లు లేని ప్రమాదాన్ని చూసి అరవడం, బ్రేక్ వెయ్యడం మొదలుపెట్టాయి. నిన్నటి దాకా బాగున్న కారు తెల్లారేసరికి మారిపోయింది. మీ కారుకి ఈమధ్య సర్వీస్‌లో గానీ, సిమ్ ద్వారా గానీ అప్‌డేట్ ఏమైనా ఎక్కిందా? ఆ తేదీ వెతికి రాసి పెట్టుకోండి.

ఇప్పుడు మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే నాకు అసలు టెన్షన్ దాని గురించే. అనవసరంగా బ్రేక్ వేసిందని మీరు భయపడ్డారు. అవసరమైనప్పుడు వెయ్యకపోవడం ఇంకా పెద్ద ప్రమాదం. ఈ రెండు తప్పులూ తక్కెడలో రెండు పళ్లేల లాంటివి. దెయ్యం బ్రేకులు తగ్గించాలని సాఫ్ట్‌వేర్‌ని మొద్దు చేస్తే, ఆగి ఉన్న నిజం లారీని కూడా బోర్డు అనుకుని వదిలేస్తుంది. 2016 మేలో ఫ్లోరిడాలో విల్లిస్టన్ అనే ఊరి దగ్గర హైవేకి అడ్డంగా మలుపు తిరుగుతున్న ట్రెయిలర్ కిందికి ఆటోపైలట్‌లో, అంటే స్పీడూ లేనూ కారే చూసుకునే సౌకర్యంలో ఉన్న టెస్లా దూసుకుపోయింది. తెల్లటి ట్రెయిలర్, వెనక వెలుగు నిండిన ఆకాశం. కారు బ్రేక్ వెయ్యలేదు, లోపలి మనిషీ వెయ్యలేదు. 2018 మార్చిలో కాలిఫోర్నియా మౌంటెన్ వ్యూ దగ్గర రోడ్డు రెండుగా చీలే చోట తెల్లగీతలు అరిగిపోయి ఉన్నాయి. ఆటోపైలట్‌లోనే ఉన్న ఇంకో టెస్లా తప్పు గీత పట్టుకుని మధ్యలో ఉన్న సిమెంటు గోడ వైపు వెళ్లింది. అలా పక్కకి జరగడంతో ముందు నడుస్తున్న కారు ఎదుట లేకుండా పోయేసరికి ‘రోడ్డు ఖాళీ’ అనుకుని, సెట్ చేసిన స్పీడ్ అందుకోవడానికి ఇంకా వేగం పెంచింది కూడా. డ్రైవర్ ఫోన్‌లో గేమ్ ఆడుతున్నాడని విచారణలో తేలింది.

ముందు బండి కనపడకపోగానే వేగం పెంచే ఆ తీరు మన రోడ్ల మీద రోజూ ఎదురయ్యేదే. క్రూజ్ పెట్టుకుని ఒక కారు వెనకాల హాయిగా వెళ్తుంటాం. అతను ఒక్కసారిగా పక్క లేన్‌లోకి తప్పుకుంటాడు. ఎందుకు తప్పుకున్నాడు? ముందు రిఫ్లెక్టర్ లేని ట్రాక్టర్ ఉంది, లేదా టైరు పేలి ఆగిపోయిన లారీ, దాని చుట్టూ రాళ్లూ చెట్టు కొమ్మలూ. మీ కారుకి మాత్రం ముందు బండి పోయింది, దారి దొరికింది, పద అనే అనిపిస్తుంది. ముందు బండి ఉన్నట్టుండి లేన్ మారితే మీ కాలు ఆలోచించకుండా బ్రేక్ మీదికి వెళ్లాలి. ఇది అలవాటు చేసుకోండి.

65వ నంబరు హైవే మీద ఇంకా ఏమేం ఉంటాయో మీకు తెలుసు. కోతల కాలంలో ఒక లేన్ నిండా ఆరబోసిన వడ్లు, వాటి అంచుకి పేర్చిన రాళ్లు, మీద టార్పాలిన్. రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు. డివైడర్ మీద గడ్డి మేస్తూ ఉన్నట్టుండి దిగే గేదె. మీ కారు మాన్యువల్ తెరిచి చూడండి. జంతువులు, బండి నుంచి బయటికి పొడుచుకొచ్చిన లోడు, వింత ఆకారం బళ్లు గుర్తించకపోవచ్చని చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. అడ్వర్టైజ్‌మెంట్‌లో చేతులు వదిలేసిన హీరోని చూపిస్తారు, మాన్యువల్‌లో లాయరు మాట్లాడతాడు. ఇద్దరిలో లాయర్నే నమ్మండి. ఇవన్నీ లెవెల్ 2 సిస్టమ్స్. లెవెల్ 2 అంటే డ్రైవర్ మీరే, అది సాయం మాత్రమే.

లేన్ అసిస్ట్ (గీతల మధ్యే ఉండేలా స్టీరింగ్‌ని తనే తిప్పే సాయం) గురించి రెండు మాటలు చాలు. డైవర్షన్ ఉన్నచోట పాత గీత, కొత్త గీత రెండూ కనిపిస్తాయి, స్టీరింగ్ చేతిలో తగువాడుతుంది. పగుళ్లలో పోసిన తారు మధ్యాహ్నం ఎండకి మెరిసి గీతలా అనిపిస్తుంది. వానలో అది చడీచప్పుడు లేకుండా పని మానేస్తుంది, మీటర్‌లో పచ్చ గుర్తు బూడిద రంగుకి మారుతుంది, అంతే. ఉందనుకుంటాం, ఉండదు.

మీవారు అన్నీ ఆఫ్ చెయ్యమన్నారు. ఆయన భయం అర్థమవుతుంది, కానీ సగమే ఒప్పుకుంటాను. ఎమర్జెన్సీ బ్రేక్, క్రూజ్, లేన్ అసిస్ట్ మూడూ వేరు వేరు. ఎమర్జెన్సీ బ్రేక్ మాత్రం తియ్యొద్దు. ముందు బండిని వెనక నుంచి గుద్దే ప్రమాదాలు అది ఉన్న కార్లలో సగానికి తగ్గాయని అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీల సంస్థ ఐఐహెచ్ఎస్ లెక్కలు తీసింది. అదే సంస్థ క్రూజ్, లేన్ కలిపి కారే నడుపుకునే సౌకర్యం వల్ల ప్రమాదాలు తగ్గినట్టు రుజువు దొరకలేదని కూడా 2024లో చెప్పింది. అంటే మొదటిది హెల్మెట్ లాంటిది, రెండోది ఏసీ లాంటిది. ఏసీ కట్టేసినా ప్రయాణం ఆగదు. కాబట్టి క్రూజ్‌ని రోడ్డు ఖాళీగా, వెలుతురు బాగా ఉన్నప్పుడు వాడుకోండి. ఎదురెండలో, వానలో, తెల్లవారుజాము మంచులో, రోడ్డు పనులు జరిగే చోట, కోదాడ లాంటి ఊళ్ల దగ్గర జనం అడ్డంగా దాటే చోట తీసెయ్యండి. లేన్ అసిస్ట్ మీ ఇష్టం. నేనైతే మన రోడ్ల మీద వాడను.

ఇంకోసారి అలా జరిగితే? జరగొచ్చు, జరిగితే ఉన్నది ఒకటి రెండు సెకన్లు. ముందు రోడ్డు నిజంగా ఖాళీ అని కంటితో చూసి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. చాలా కార్లలో అలా తొక్కితే డ్రైవర్ మాటే చెల్లుతుంది, బ్రేక్ వదిలేస్తుంది. మీ కారులో ఎలాగో మాన్యువల్‌లో ముందే చదివి పెట్టుకోండి. హైవే మీద పరీక్షించి చూడొద్దు. క్రూజ్ ఉన్నప్పుడు చాలామంది కాలు మడిచి పక్కన పెట్టేసుకుంటారు, ఆ కాలు వెతుక్కునేలోపే అంతా అయిపోతుంది. మడమ నేల మీద ఆనించి, పాదం పెడల్స్ పైనే ఉంచండి.

దెయ్యం బ్రేక్ ఒక్కటే అయితే మనిషికి ఏమీ కాదు. ఆ రోజు మిమ్మల్ని చంపబోయింది వెనక లారీ. అతను 20 మీటర్ల దూరంలో ఉన్నాడంటే మీ ఇద్దరి మధ్య ఒక సెకను కూడా లేదు. వెనక బండి అంత దగ్గరగా అతుక్కుంటే క్రూజ్ తీసేసి, ఎడమకి జరిగి వాణ్ని పోనివ్వండి. పోతే పోనీ, మహా అయితే టీ తాగే టైమ్ పోతుంది.

సర్వీస్ సెంటర్‌కి మళ్లీ వెళ్లండి. ఈసారి నోటితో కాదు, జాబ్ కార్డు మీద రాయించండి: తేదీ, టైమ్, చోటు, స్పీడ్, క్రూజ్ ఆన్‌లో ఉందా, ఎండ ఎటు ఉంది, బీప్ వచ్చిందా. ‘కస్టమర్ అనుమానం’ అని రాస్తే ఒప్పుకోవద్దు, ‘ఆటోమేటిక్‌గా బ్రేక్ పడింది’ అని రాయమనండి. సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఏది, కొత్తది ఉందా అని అడగండి. విండ్‌షీల్డ్ ఎప్పుడైనా మార్పించారా? మార్పిస్తే కెమెరాని మళ్లీ కాలిబ్రేట్ చెయ్యాలి, అంటే చూపు సరిగ్గా ఉండేలా సెట్ చెయ్యాలి. చాలాచోట్ల అద్దం బిగించి, బిల్లు ఇచ్చి, ఆ పని మర్చిపోతారు. ముందు బంపర్‌కి దెబ్బ తగిలినా, రంగు వేయించినా రాడార్‌ని చూపించాలి.

నవ్వకండి, ఇంకోటి కూడా చూడండి. దసరాకి కొన్నామన్నారు. ముందు భాగంలో నిమ్మకాయ, మిరపకాయల దండ ఇంకా వేలాడుతోందా? లోగో మీద పసుపు కుంకుమ? రాడార్ ఉండేది ఆ లోగో వెనకో, బంపర్ కింది జాలీలోనో. ఆయుధ పూజ రోజు నేను బంతిపూల దండ లోగో మీదుగా వేసి, టెంకాయ కొట్టి, బయల్దేరిన రెండో కిలోమీటరులోనే ‘ముందు రాడార్‌కి అడ్డం వచ్చింది’ అని మీటర్‌లో పడింది. కారుకి దిష్టి తగిలిందని మా ఆవిడ కంగారుపడింది. తడి పూలలోని నీళ్లు ఆ తరంగాల్ని తాగేస్తాయి, దండ తీసి గుడ్డతో తుడిస్తే పోయింది. నిమ్మకాయలు నంబర్ ప్లేట్ పక్కకి మార్చుకోండి, దిష్టి అక్కణ్నుంచైనా పోతుంది.

ఒక డాష్‌క్యామ్ కొనండి. మాట మీద మాట వచ్చినప్పుడు వీడియోనే సాక్షి. దాన్ని అడాస్ కెమెరాకి అడ్డం రాకుండా బిగించమని చెప్పండి.

ఇదే మళ్లీ జరిగి, మళ్లీ ‘కోడ్ లేదు’ అంటే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్ పెట్టండి, జాబ్ కార్డు ఫొటో జతచేసి. ఉలుకూ పలుకూ లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి మన దగ్గర కూడా లోపం ఉన్న బళ్లని తప్పనిసరిగా రీకాల్ చేయించే నిబంధన వచ్చింది. ఏడేళ్ల లోపు బళ్ల మీద యజమానులు కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు చెయ్యొచ్చు. ఒకే మోడల్ మీద ఫిర్యాదులు ఒక లెక్క దాటితేనే కదలిక వస్తుంది. అమెరికాలో ఆ 354 మంది రాసి ఉండకపోతే విచారణే ఉండేది కాదు. ఇక్కడ మనం వాట్సాప్ గ్రూపులో తిట్టుకుని ఊరుకుంటాం. మీరు ఉత్తరం రాసే మనిషి కాబట్టి అక్కడ కూడా ఒకటి రాసి పడెయ్యండి.

అమ్మగారు ఇంకా భయపడుతూ ఉంటారు. ఈసారి ఆవిణ్ని తీసుకొచ్చేటప్పుడు ఆదివారం సాయంత్రం కాకుండా పొద్దున ఏడింటికి, మంచు విడిచాక విజయవాడలో బయల్దేరండి. ఆ టైమ్‌లో పొద్దు మీ వీపు వైపు ఉంటుంది, కెమెరాకీ మీకూ కళ్లు చెదరవు. టిఫిన్ డబ్బా మాత్రం ఒళ్లో వద్దు, కింద పెట్టమనండి.